పీటల మీద సివంగి

ఒకానొక రాజ్యంలో అని కథ మొదలుపెడితే భుజంగదేవ మహారాజుకు ఒళ్లు మండేది. "ఒకానొక ఏమిటయ్యా! ఉన్నదే ఒక్క రాజ్యం, అది మనది" అనేవాడు. సరే, అలాగే కానిద్దాం. ఆ ఉన్న ఒక్క రాజ్యంలో మహారాజుకు రెండే గొప్పలు. ఒకటి తన వంశం, రెండోది తన కుక్కలు.

కుక్కలంటే ఒళ్లో కూర్చోబెట్టుకుని ముద్దుచేసే బాపతు కావు. కొండవారన గొర్రెల మందలకు కాపలా కాసే కుక్కలు. రాజుగారి కొట్టంలో పుట్టిన పిల్లల్నే గొల్లలు తీసుకెళ్లి పెంచుకోవాలని శాసనం. తాతల కాలం నుంచీ బాగానే సాగింది. భుజంగదేవుడు గద్దెనెక్కాక ఆయనకో బుద్ధి పుట్టింది. "మన కుక్కల్లో బయటి రక్తం చుక్క కూడా కలవరాదు" అన్నాడు. అంతే, అన్నకూ చెల్లెలికీ, తండ్రికీ కూతురికీ జత కట్టించడం మొదలుపెట్టారు. "ఇది మంచిది కాదు ప్రభూ" అన్న పాపానికి పశువైద్యుడు వీరయ్యను గాడిద మీద ఊరేగించారు. ఆ తర్వాత ఇంకెవడు నోరు విప్పుతాడు?

ఆస్థానంలో అక్కిరాజు అనే భట్టు ఉండేవాడు. రోజూ పొద్దున్నే రాజుగారి వంశావళి గొంతెత్తి చదవడం అతని కొలువు. నోటికి చురుకెక్కువ. ప్రాణభయం మాత్రం అందరికీ ఉన్నంతే ఉంది. ఒకనాడు కొలువు ముగించుకుని వస్తుంటే కుక్కల కాపరి బీరప్ప దారికి అడ్డంపడి, చెయ్యి పట్టుకుని కొట్టంలోకి లాక్కెళ్లాడు.

అక్కడ గోనెపట్టా మీద సివంగి పడుకుని ఉంది. ఒకప్పుడు తోడేలును మెడ పట్టి ఈడ్చుకొచ్చిన కుక్క. ఇప్పుడు ఎముకల మీద తోలు తప్ప ఏమీ లేదు. ఈతకూ ఈతకూ మధ్య తెరిపి లేకుండా పిల్లల్ని పెట్టి పెట్టి ఇలా అయింది. అక్కిరాజును చూసి లేవబోయి, లేవలేక తోక మాత్రం ఆడించింది.

"వచ్చే పున్నమికి దీన్ని మళ్లీ జత కట్టాలంటయ్యా. ఎవరితోనో తెలుసా? దీని కొడుకు రాజకేసరితోనే!" అన్నాడు బీరప్ప. "ఈసారి చూలు కడితే ఇది బతకదు."

"మహారాజుకు చెప్పకపోయావా?"

"ఆ గాడిదను ఇంకా అక్కడే కట్టేసి ఉంచారయ్యా."

అక్కిరాజు సివంగి తల నిమిరి బయటికొచ్చాడు. రాత్రంతా ఆలోచించి మర్నాడు వంశావళి పూర్తవగానే చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ప్రభూ, చిన్న మనవి. సివంగిదీ రాజకేసరిదీ ఎంత గొప్ప వంశం! వాళ్లను గుట్టుచప్పుడు కాకుండా కొట్టంలో జత కట్టించడం తమ హోదాకు తగునా? ఊరంతటినీ పిలిచి పెళ్లి చేద్దాం. రెండు వైపుల వంశం నేనే చదువుతాను."

మహారాజు మీసం దానంతటదే పైకి లేచింది. "నీ బుర్ర ఇంతకాలం ఎక్కడ దాచావయ్యా!" అని మురిసిపోయాడు.

ఇంకేముంది! మామిడాకుల పందిరి వేశారు, మేళాలు పెట్టారు. కొండవారన గొల్లలంతా పెళ్లాం పిల్లలతో, గొర్రెలతో సహా దిగారు. ఒక పీట మీద పసుపు రాసిన సివంగి, ఇంకో పీట మీద బాసికం కట్టిన రాజకేసరి. సివంగి పక్కన బీరప్ప దిగాలుగా కూర్చున్నాడు. అక్కిరాజు లేచి గొంతు సవరించుకున్నాడు.

"వధువు, చిరంజీవి లక్ష్మీసౌభాగ్యవతి సివంగి! ఈమె తండ్రి సమరసింహం!"

"భేష్!" అన్నాడు మహారాజు.

"ఈమె తాత సమరసింహం!"

"చెప్పిన పేరే మళ్లీ చెబుతావేం?"

"పేరే కాదు ప్రభూ, కుక్క కూడా అదే. తండ్రి పనీ తాత పనీ ఆయనొక్కడే చక్కబెట్టాడు."

గొల్లల్లో ఎవరో కిసుక్కుమన్నారు. "సరే సరే, వరుడి సంగతి కానీ" అన్నాడు మహారాజు చిరాగ్గా.

"వరుడు, చిరంజీవి రాజకేసరి! ఇతని తాత సమరసింహం! ముత్తాత కూడా ఆయనే! ఇక ఇతని తల్లి..." అక్కిరాజు తల గోక్కున్నాడు.

"ఆగిపోయావేం? ఎక్కడ ఆ తల్లి? పిలవండి! వియ్యపురాలికి మర్యాద చెయ్యొద్దూ?"

"పిలవక్కర్లేదు ప్రభూ. పీటల మీదే ఉంది."

పందిరంతా గొల్లుమంది. ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. మహారాజు ముఖం కందగడ్డయింది.

"కుక్కలకు వావీవరసా ఏమిటి? అయినా మనలో మేనరికాలు లేవూ?"

"లేకేం ప్రభూ. మేనమామ దాకా వెళ్లాం. తల్లి దాకా ఇంకా ఎవరూ వెళ్లలేదు."

"ఆ సంగతి కుక్కకు తెలుస్తుందా?"

"తెలియదు ప్రభూ, నోరు లేని జీవి. అందుకే వరస చూసే భారం పెళ్లిపెద్దది." అక్కిరాజు అమాయకంగా చుట్టూ చూశాడు. "ఇంతకీ ఈ పెళ్లికి పెద్ద ఎవరో?"

అందరి తలలూ సింహాసనం వైపు తిరిగాయి. ఒక భటుడు గాడిదను తేవడానికి లేవబోయాడు కూడా. అక్కిరాజుకు కాళ్లు వణికాయి గాని పంచె అడ్డం ఉంది కాబట్టి ఎవరికీ కనబడలేదు.

"స్వచ్ఛమైన రక్తమయ్యా అది! దాని పౌరుషం చూస్తే నీ నోరు మూతపడుతుంది. కేసరీ!" అని గర్జించాడు మహారాజు. రాజకేసరి తిరిగి చూడలేదు. "ఒరేయ్ కేసరీ!" ఉహూఁ. దానికి పుట్టు చెవుడు.

ఇంతలో ఎవరిదో గొర్రెపిల్ల తప్పించుకుని పందిట్లోకి వచ్చి, పెళ్లికొడుకును వాసన చూసింది. పెళ్లికొడుకు కెవ్వుమని బాసికంతో సహా ఒక్క దూకు దూకి సింహాసనం కిందికి దూరాడు. అక్కడ భయానికి మహారాజుగారి పాదుకలు తడిపేశాడు.

ఈ గోలకు గొర్రెపిల్ల బెదిరిపోయింది. అప్పుడు సివంగి లేచింది. నాలుగు కాళ్లూ వణుకుతున్నా నడిచి వెళ్లి దానికి అడ్డంగా నిలబడి, పందిరి మొత్తాన్నీ చూసి గుర్రుమంది. అందరూ నవ్వడం మానేశారు. మహారాజు ఆ కుక్క పక్కటెముకల వైపు చాలాసేపు చూశాడు. ఒకసారి తన పాదుకల వంక చూసుకున్నాడు. మీసం అదిరింది. ఆపుకోలేక పొట్ట పట్టుకుని పకపకా నవ్వాడు.

"అక్కిరాజూ, ఈ తడిసిన పాదుకల సాక్షిగా ఒప్పుకున్నాను. తప్పు నాది" అంటూ చేతి కడియం తీసి ఇచ్చాడు. "ఇంకేం కావాలో కోరుకో."

"కడియం వద్దనేంత గొప్పవాణ్ణి కాను ప్రభూ" అని అక్కిరాజు ముందు దాన్ని చేతికి తొడుక్కున్నాడు. "సివంగికి ఇక చూలు వద్దు. మిగతా వాటికీ ఈతకూ ఈతకూ మధ్య ఒళ్లు కోలుకునేదాకా విశ్రాంతి ఇవ్వాలి. కొండ అవతలి గొల్లల దగ్గర మందను కాచే మగకుక్కలున్నాయి, సంబంధాలు అక్కడ చూద్దాం. చూసే పని వీరయ్యకు అప్పజెప్పండి."

"మరి ఈ రాజకేసరి?"

"వాడి తప్పేముంది ప్రభూ? కడుపునిండా తిండి పెట్టండి. పెళ్లాన్నీ గొర్రెల్నీ మాత్రం ఇవ్వకండి."

"అన్నీ సరే గాని, ఇంతమందిని పిలిచానే! పెళ్లి లేదంటే నా పరువేం కాను?"

"తప్పిపోయింది కదా ప్రభూ, ఆ సంతోషంతో భోజనాలు పెట్టించండి."

మహారాజు మళ్లీ నవ్వి, మొదటి విస్తరి సివంగికి వేయించాడు. మాంసం కలిపిన అన్నం అది మెతుకు మిగల్చకుండా తిని, పెళ్లిపీట మీదే ముడుచుకుని నిద్రపోయింది. బీరప్ప కళ్లు తుడుచుకుంటూ పక్కనే చతికిలబడ్డాడు. మేళగాళ్లు సన్నాయి ఎత్తబోతే మహారాజు చప్పున లేచి నోటి మీద వేలు పెట్టాడు.

"ష్! తల్లి పడుకుంది."