తలపాగా పరీక్ష

ఒకానొక రాజ్యంలో అన్నీ తనకే తెలుసనుకునే రాజొకడు ఉండేవాడు. పేరు ప్రతాపశేఖరుడు. ఆయనకు హేమాంగి ఒక్కతే కూతురు. పదహారేళ్ల చురుకైన పిల్ల.

ఆ రాజ్యంలో ఓ ఆచారం ఉంది. సింహాసనం ఎక్కబోయేవారు పండితుల ముందు లెక్కల్లోనూ ధర్మశాస్త్రంలోనూ పరీక్షకు నిలబడాలి. అవకాశాలు మూడే. గురువు దగ్గర గడగడా అప్పజెప్పే హేమాంగికి రెండుసార్లూ సభలో నోరు పెగల్లేదు. మూడోసారీ తప్పితే రాజ్యం పినతండ్రి కొడుక్కి పోతుంది.

"దీనికి భయం చాలడం లేదు. ఈసారి నేనే ఎదురుగా కూర్చుంటాను!" అన్నాడు రాజు.

"పరీక్షకు నిలబడి తీరతాను నాన్నగారూ. మీరు మాత్రం ఎదురుగా ఉండొద్దు," అంది హేమాంగి. రాజు వింటేనా!

ఇదంతా చూసి ఆస్థాన విదూషకుడు నారప్పకు కడుపు మండింది. మర్నాడు నిండు సభలో లేచి, "ప్రభూ! పన్నెండు మూరల తలపాగా తమరే చుట్టుకుంటారట. మాకూ ఒకసారి చూపించండి," అన్నాడు.

"అదెంత పని!" అంటూ రాజు తలపాగా విప్పి చుట్టడం మొదలుపెట్టాడు.

నారప్ప ఆయన పక్కనే నిలబడ్డాడు. "జాగ్రత్త, అందరూ చూస్తున్నారు. మీ తాతగారైతే ఈపాటికి ముగించేవారు. పొరుగు రాజు పిల్లలు కళ్లు మూసుకుని చుట్టేస్తారట. ఇది తప్పితే వంశం పరువు గంగలో కలిసినట్టే. అదుగో, చెయ్యి వణుకుతోంది!"

ఒక మడత జారింది. సర్దబోతే ఇంకోటి జారింది. చివరికి తలపాగా మొత్తం మెడలో పడింది.

"కాసేపు నోరు మూసుకుంటావా!" అని అరిచాడు రాజు.

నారప్ప చేతులు జోడించాడు. "ప్రభూ, ఇవన్నీ రోజూ తమరు అమ్మాయిగారితో అనే మాటలే. ఆవిడ మిమ్మల్ని నోరు మూసుకోమనలేక తనే మూసుకుంటోంది."

రాజు సభలోనే ఉన్న కూతురి వంక చూశాడు. పిల్ల ఎంత చిక్కిపోయిందో ఆయన చూడటం అదే మొదలు.

పరీక్షనాడు రాజు బయట వసారాలో పచార్లు చేస్తూ గడిపాడు. హేమాంగి బయటికి రాగానే, ఎన్ని తప్పాయని అడగబోయి మింగేసి, "ఆకలేస్తోందా తల్లీ?" అన్నాడు.

"చాలా వేస్తోంది నాన్నగారూ. రెండే తప్పాయి. నెగ్గాను!"

రాజు పకపకా నవ్వాడు. తన చేతి కంకణం తీసి పక్కనే ఉన్న నారప్పకు తొడిగి, "నేటినుంచి నీకో కొత్త ఉద్యోగం. ఇక ఎవరి పిల్లలకు పరీక్ష జరిగినా, నాలాంటి తండ్రులను గుమ్మం దగ్గరే ఆపెయ్యి," అన్నాడు.