గవరమ్మ మడమ

కేన్సరు ఆసుపత్రిలో కుర్ర డాక్టరు భార్గవకి ఉక్రోషంగా ఉంది. మూడేళ్లు కూర్చుని కట్టిన లెక్కని గురువుగారు లెక్కచెయ్యడం లేదని.

లెక్క చిత్రమైనదే. నోటి కేన్సరు వచ్చినవాళ్ల నెత్తురు తీసి, ఒంట్లో ఎక్కడైనా వాపుంటే పెరిగే తెల్లకణాలు ఎన్ని, మిగతావి ఎన్ని అని చూస్తే ఒక అంకె వస్తుంది. అంకె పెద్దదైతే మనిషి ఎక్కువకాలం ఉండకపోవచ్చు. చిన్న సీసాడు నెత్తురులో ఇంత సంగతి దాగుంటుందంటే వింతే కదా.

గవరమ్మ అంకె చాలా పెద్దది. సముద్రపు ఒడ్డు ఊరు ఆమెది. చుట్టని తిప్పి, నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే అలవాటు. అంగిట్లో పుండు లేచింది. ఆపరేషన్ల జాబితాలోంచి ఆమె పేరు కొట్టేశాడు భార్గవ.

"కోసినా దక్కదు మేడమ్. ఆ రోజు ఇంకొకరికి ఇద్దాం."

అతని గురువు డాక్టర్ కమలాంబ గారు కళ్లజోడు తీసి బల్లమీద పెట్టారు. "మనిషిని చూశావా?"

"నోరు చూశాను. రిపోర్టులన్నీ చూశాను."

ఆవిడ లేచి వార్డుకి నడిచారు. వెనకే భార్గవ.

గవరమ్మకి కబురు అప్పటికే చేరింది. మంచం మీద బాసింపట్టు వేసుకుని, పాదాలు చీర కింద దాచుకుని కూర్చుంది.

"ఈ బాబు నా రోజులు లెక్కెట్టీసినాడంట కదమ్మా. నన్ను కన్నమ్మకే తెల్దు నానెప్పుడు పోతానో. ఈయనకెలా తెలిసిందో అడగండి."

"అడుగుతాను." కమలాంబ గారు చీర కింద దాచిన పాదాల వైపు చూశారు. "ముందు కాళ్లు చాపు."

"పెద్దోల ముందు కాళ్లు సాపుతామేటి? తప్పు కాదూ?"

కమలాంబ గారు నేలమీద కూర్చుని, ఆమె కాలు తన ఒళ్లోకి లాక్కున్నారు. మడమ ఉబ్బి, నల్లబడి, పట్టుకుంటే కాలిపోతోంది. ఆల్చిప్ప గుచ్చుకుని పదిహేను రోజులైందట.

"ఎవరికీ చెప్పలేదేం?"

"నాలుగుసార్లు రగతం తీసినారు. నోరు తెరు అన్నారు, ముయ్యి అన్నారు. కాలు సంగతి ఎవలడిగినారమ్మా?"

కమలాంబ గారు మడమ కడిగి, మత్తుసూది వేసి, చిన్న గాటు పెట్టారు. చీము గిన్నెలోకి కారింది. ఆ గిన్నె భార్గవ చేతికిచ్చారు.

"పట్టుకో. ఇది కూడా నీ అంకెలో ఉంది."

కట్టు కట్టడం అయ్యేదాకా అతను అలా పట్టుకునే నిలబడ్డాడు.

గాయం మానింది. పన్నెండో రోజు మళ్లీ నెత్తురు తీశారు. భార్గవ కాగితం పట్టుకుని పరుగున వచ్చాడు.

"అంకె సగానికి పడిపోయింది మేడమ్. ఇంక ఆమె పేరు రాసేయొచ్చు."

కమలాంబ గారు కాగితం అందుకోలేదు. ఆవిడ మొహం కందిపోయింది.

"పేరు నేను ఆ రోజే రాశాను. అంకె పడకపోయుంటే ఏం చేసేవాడివి?"

భార్గవ కాగితం మడిచి జేబులో పెట్టుకుని వార్డుకి వెళ్లాడు. గవరమ్మ మంచం పక్కన నేలమీద కూర్చున్నాడు.

"మళ్లీ రగతానికేనా బాబూ?"

"కాదమ్మా."

ఆమె అతన్ని ఎగాదిగా చూసింది. చీర కుచ్చెళ్లు కాస్త పైకి లాక్కుని, తనే కాలు చాపింది.