నత్త చదువు మానేసిన రోజు

అనగనగా ఒక అడవిలో, వాగు ఒడ్డున ఒక కాలేజీ ఉండేది. జంతువుల కాలేజీలో కంప్యూటర్లేమిటని అడక్కండి. అడిగితే కథ ఆగిపోతుంది.

అక్కడ కొంగ మేష్టారు మొదటి ఏడాది వాళ్లకి ఆబ్జెక్టులతో ప్రోగ్రాములు రాయడం నేర్పేవారు. మొదటి రోజు ‘క్లాసు’ అంటే ఏమిటో నిర్వచనం చెప్పారు. పిల్లలు రాసుకున్నారు. రెండో రోజు ‘ఆబ్జెక్టు’కి నిర్వచనం చెప్పారు. పిల్లలు ఆవలించారు. మూడో రోజు బోర్డు మీద నడక ప్రోగ్రాము రాశారు: ‘కుడికాలు ఎత్తు. ముందు పెట్టు. ఎడమకాలు ఎత్తు. ముందు పెట్టు.’

“ఇప్పుడు అందరినీ వాగు దగ్గర్నించి ల్యాబుకి నడిపించే ప్రోగ్రాము మీరు రాయండి,” అన్నారు.

నత్తపిల్ల శంఖవేణి ఉంది చూశారూ, మహా బుద్ధిమంతురాలు. బోర్డు మీదున్నది పొల్లుపోకుండా దించేసింది. దాని ప్రకారం అందరూ కదిలారు. కప్ప గెంతయ్య ఒక్కో కాలే ఎత్తబోయి బురదలో బోర్లా పడ్డాడు. పీత అడ్డయ్యకి ఎనిమిది కాళ్లూ ముడిపడిపోయాయి.

“మరి నువ్వు నడవవేమే? నీ కుడికాలేదీ?” అన్నాడు గెంతయ్య, మూతి తుడుచుకుంటూ.

శంఖవేణి కిందికి చూసుకుంది. కాళ్లే లేవు! క్లాసంతా గొల్లుమంది.

మర్నాడు శంఖవేణి చదువు మానేసి బయల్దేరింది. మూట కట్టుకునే పని లేదు, ఇల్లు వీపు మీదే ఉందిగా! పొద్దున బయల్దేరిన పిల్ల సాయంత్రానికి గేటు దాకా వచ్చింది. మేష్టారు నాలుగంగల్లో అందుకున్నారు.

“ఎక్కడికమ్మా?”

“మా అమ్మ దగ్గరికి మేష్టారూ. నాకీ చదువు రాదు. నన్ను చేర్పించడానికి అమ్మ వానాకాలమంతా నడిచొచ్చింది. ఇప్పుడు ఏం మొహం పెట్టుకుని...” కొమ్ములు గుల్లలోకి వెళ్లిపోయాయి.

మేష్టారు తన పొడుగు కాళ్లకేసి చూసుకున్నారు. చాలాసేపు చూసుకున్నారు.

“తప్పు నీది కాదు తల్లీ. నేను నడిచే తీరు బోర్డు మీద రాసి, నడకంటే అదే అన్నాను. ఏదీ, ఆ ప్రోగ్రాము పక్కన పెట్టి, అదుగో వాగు ఒడ్డునున్న గెంతయ్యనీ అడ్డయ్యనీ ‘రండి’ అని పిలు.”

గుల్లలోంచి సన్నగా వినిపించింది: “రండీ!”

గెంతయ్య గెంతుతూ వచ్చాడు. అడ్డయ్య అడ్డంగా వచ్చాడు. ఎవరూ పడలేదు.

కొమ్ములు మెల్లగా బయటికొచ్చాయి. “ఎలా రావాలో నేను చెప్పనే లేదు మేష్టారూ!”

“చెప్పక్కర్లేదు. ఎవరి నడక వాళ్లలోనే ఉంది. ఆబ్జెక్టంటే అదేనమ్మా. పని చెబితే చాలు, చేసే తీరు దానికే తెలుసు. సరే, నువ్వూ క్లాసుకి రా.”

“నేనొచ్చేసరికి తెల్లారిపోతుంది మేష్టారూ.”

“నువ్వొచ్చాకే మొదలెడదాం. ఒంటికాలి మీద నిలబడ్డం నాకు అలవాటేలే.”

ఆ సాయంత్రం క్లాసు మర్నాడు పొద్దున మొదలైంది. ఆలస్యమైందని గెంతయ్య కూడా అనలేదు. అన్నాడు లెండి, ఒక్కసారే.

నీతి: ఏం చేయాలో చెప్పు, ఎలా చేయాలో చేసేవాళ్లకే వదిలెయ్. ప్రోగ్రాముకైనా అంతే, పాఠానికైనా అంతే.