ఢంకారావు కేక, పొట్టమ్మ మునక

అనగనగా ఒక సముద్రం. మామూలు సముద్రం కాదు పిల్లలూ! భూగోళానికి దక్షిణాన, అల లేచిందంటే మబ్బులు తడిసి బరువెక్కేంత సముద్రం! దాని నడుమ ఒక రాతి దీవి. ఆ దీవి మీద ఢంకారావు అనే సీగల్ పక్షి ఉండేవాడు.

ఢంకారావు కేక వేస్తే కొండలు చెవులు మూసుకునేవి. తిమింగలాలు నిద్రలో ఉలిక్కిపడేవి. పొద్దున్నే సముద్రం మీదికి ఎగిరి "కీయావ్!" అనేవాడు. అంతే! నీళ్లు కుతకుత ఉడికినట్టు కదిలేవి. కవళ్ల చేపల గుంపు వెండి చీర పరిచినట్టు పైకి తేలేది. ముక్కు ముంచితే చేప!

"చూశావా? నా గొంతు వింటే చాలు, చేపలు దండం పెట్టడానికి పైకొస్తాయి!" అనేవాడు భార్య తెల్లమ్మతో.

"వస్తాయి లెండి. ముందు ఆ చేప పిల్లాడి నోట్లో పెట్టండి" అనేది తెల్లమ్మ.

దీవి నిండా నేలలో గుంతలు. ఆ గుంతల్లో పెంగ్విన్లు కాపురం ఉండేవి. వాటికి పెద్ద పొట్టమ్మ. ఆమె ఊగుతూ నడుస్తుంటే ఢంకారావుకు ఎక్కడలేని నవ్వు.

"ఏం అత్తా, అవి రెక్కలా, చంకలో విసనకర్రలా?"

"విసనకర్రలే నాయనా. సముద్రానికి ఉక్కపోస్తోందట, విసిరి వస్తా" అని పొట్టమ్మ బుడుంగున మునిగేది.

ఒకరోజు పెద్ద పడవ వచ్చింది. దాన్ని నడిపే సరంగు పేరు ఐజాక్. "చేపల చోటు చూపిస్తావా? తలకాయలన్నీ నీకే!" అన్నాడు ఢంకారావుతో.

పొట్టమ్మ పరుగున వచ్చింది. "వద్దబ్బాయ్! ఇది మా వాకిలి. గూట్లో పిల్లల్ని పెట్టుకుని మేం దూరం పోలేం. ఇక్కడ చేప అయిపోతే ఎలా?"

"అయిపోవడమా? నేనింకో కేక వేస్తే ఇంకో గుంపు వస్తుందత్తా!" అని ఢంకారావు పడవ ముందు ఎగిరాడు.

వలలు పడ్డాయి. ఏం వలలు! చందమామ జారిపడినా చిక్కుకునేంత వలలు! పెద్ద చేపలూ పోయాయి, కళ్లు తెరవని చిన్న చేపలూ పోయాయి. ఢంకారావు తలకాయలు తిని తిని ఎగరలేక, తనే పెంగ్విన్‌లా ఊగుతూ నడిచాడు!

తర్వాత చేప తగ్గింది. పడవ వెళ్లిపోయింది. పిల్లలు ఎదగగానే పెంగ్విన్లు తిండి వెతుక్కుంటూ ఒక్కొక్కటే దూరం పోయాయి. పొట్టమ్మ మాత్రం మిగిలింది. ఆమె పిల్లకు ఇంకా నూగే. నీళ్లలో దిగలేదు.

ఢంకారావు సముద్రం మీద కేక వేశాడు. ఏమీ రాలేదు. ఇంకా గట్టిగా వేశాడు. ఒక నాచు ముక్క తేలింది. మూడోసారి ఆకాశం పగిలేలా వేశాడు. ఒక తిమింగలం తల ఎత్తి, "ఎవర్రా ఆ గోల?" అంది.

గూట్లో పిల్లాడు నోరు తెరవడం కూడా మానేశాడు.

"దండం పెట్టే చేపలు ఏవండీ?" అంది తెల్లమ్మ. ఈసారి ఆమె గొంతులో వేళాకోళం లేదు.

అప్పుడు పొట్టమ్మ పిలిచింది. "అబ్బాయ్, నీళ్ల కింద ఏం జరుగుతుందో ఎప్పుడైనా చూశావా? తల ముంచు."

ఢంకారావు తల ముంచాడు. అబ్బబ్బ! నేల మీద ఊగే పొట్టమ్మ నీళ్లలో మెరుపైపోయింది! పాతాళం దాకా దిగింది, బొంగరంలా తిరిగింది, మిగిలిన నాలుగు చేపల్నీ కింద నుంచి తరిమింది. ఒకటి సరిగ్గా ఢంకారావు ముక్కు దగ్గర తేలింది.

"పిల్లాడికి తీసుకెళ్లు."

"అత్తా... అవి దండం పెట్టడానికి రావడం లేదా?"

"ప్రాణభయంతో వస్తున్నాయి నాయనా! కింద మేం తరిమితే పైన మీరు తింటారు. ఒక్కదాన్ని ఎన్నని తరమను? నా పిల్ల ఎదిగితే నేనూ పోతాను."

ఢంకారావు పిల్లాడికి చేప పెట్టి, ఎదురొచ్చిన తుఫానును ముక్కుతో చీల్చుకుంటూ ఐజాక్ పడవ దగ్గరికి ఎగిరాడు. తెరచాప కొయ్య నిండా పక్షులు.

"రావోయ్ చేపల రాజా! మా వలా ఖాళీయే. మళ్లీ పిలుస్తావా?" అన్నాడు ఐజాక్.

ఢంకారావు గొంతు మొదటిసారి సన్నబడింది. "రాజునీ కాదు, గీజునీ కాదు. నేనెప్పుడూ ఒక్క చేపనూ పిలవలేదు. అదంతా పెంగ్విన్ల పని."

పక్షులు కడుపు పట్టుకుని నవ్వాయి. ఐజాక్ మాత్రం నవ్వలేదు. "చిన్న చేపల్ని కూడా ఊడ్చింది నేనేగా. ఇప్పుడేం చేద్దాం?"

"దీవి దగ్గర వల వేయకండి. గూళ్లున్న నేల తొక్కకండి. చాలు!"

ఐజాక్ మిగతా పడవల వాళ్లనీ పిలిచాడు. అందరూ కలిసి దీవి చుట్టూ నీళ్ల మీద తేలేలా ఎర్రటి బెండ్లు వేసి హద్దు కట్టారు. లోపల చేపపిల్లలు పెరిగాయి. వెళ్లిన పెంగ్విన్లు దండు కట్టి తిరిగొచ్చాయి. అవి మునిగితే సముద్రం అడుగు అదిరింది! కింద పెంగ్విన్‌కు చేప, పైన పక్షికి చేప, హద్దు బయట పడవకూ చేప!

ఢంకారావు కేక మానేశాడనుకున్నారా? ఇంకా పెంచాడు! "పొట్టమ్మత్త దిగుతోంది, దారి వదలండహో!" ఏ పడవైనా బెండ్లు దాటబోతే, ఆ కేకకు తెరచాప తనంతట తానే వెనక్కి తిరిగేది!

"నాన్నా, చేపల్ని పిలిచేది నువ్వేనా?" అని పిల్లాడు అడిగాడు.

ఢంకారావు ఛాతీ ఉబ్బింది. నోరు తెరిచాడు. కింద పొట్టమ్మను చూశాడు. "కాదురా, అత్త. నేను దండోరా వేసేవాణ్ణి."

"దండోరా వేసేవాళ్లలో ఎవరు గొప్ప?"

"అదేం ప్రశ్నరా? నేనే!"

నీతి: కంటికి కనిపించకుండా మన కడుపు నింపేవాళ్లను గుర్తించాలి, వాళ్ల చోటు వాళ్లకు వదలాలి. పెంగ్విన్లను కాపాడితే, ఆ సముద్రాన్ని నమ్ముకున్న అందరినీ కాపాడినట్టే.