ఈరమ్మ పెట్టిన జడకోలాటం

పాలవాగుకి ఇటు గట్టున జింకలు, అటు గట్టున కుందేళ్ళు కాపురం ఉండేవి. ఒకప్పుడు ఏటా ఎండలు ముదరక ముందే రెండు గట్ల వయసు పిల్లలూ ఒకచోట చేరి జడకోలాటం ఆడేవాళ్ళు. ఎండిన మోడు కొనకి అడ్డతీగలు కట్టి, వాటి చివర్లు నోట కరుచుకుని, సగం మంది ఇటు, సగం మంది అటు తిరుగుతూ, ఒకరి పక్క నుంచి ఒకరు దూరుతూ ఆ తీగల్ని జడలా అల్లడమే ఆ ఆట. ఐదేళ్ళ కిందట అడవి తగలబడి అందరూ చెల్లాచెదురయ్యాక అది ఆగిపోయింది. తర్వాత పుట్టి పెరిగిన పిల్లలకి ఆటా రాదు, అవతలి గట్టు వాళ్ళ పేర్లూ తెలియవు.

పోయిన వేసవిలో నీళ్ళన్నీ ఇంకిపోయి ఒక్క మడుగు మిగిలింది. అందరూ దాహానికి అక్కడికే వచ్చేవాళ్ళు. ఒకరోజు రేచుకుక్కలు వస్తున్నాయని జింకలు కాలితో నేలని రెండుసార్లు తట్టాయి. జింకల భాషలో అది పరుగెత్తమని చెప్పడం. కుందేళ్ళకి అర్థం కాలేదు, నీళ్ళు తాగుతూనే ఉన్నాయి. పొట్టెమ్మ అనే కుందేలు పిల్ల వాళ్ళన్న ఆ రోజు ఇంటికి తిరిగి రాలేదు.

మడుగు పక్క బొరియలో ఉండే ఏదుపంది ఈరమ్మ అదంతా కళ్ళారా చూసింది. అసలే ఆమెది కంగారు స్వభావం. ఆకు రాలినా ఒంటిమీద ముళ్ళు లేచి గలగలమనేవి. ఆ ముళ్ళ వల్లే వయసులో ఉన్నప్పుడు ఆమెని ఎవరూ ఆటలోకి రానివ్వలేదు. అయినా ఈ ఏడు ఎలాగైనా ఆట పెట్టించాలని తీర్మానించుకుంది. ఒకరి అడుగు ఒకరికి తెలిస్తే ప్రాణాలు నిలుస్తాయి కదా అని ఆమె ఆశ.

అడవి అంచున ముసలి ఎద్దు కోటన్న మేస్తుంటే వెళ్ళి అడిగింది. ఆట అడుగులన్నీ గుర్తున్నది అతనొక్కడికే.

"నేర్పుతావా అన్నా? కట్టెలు కొట్టే మనుషులు శని, ఆదివారాలు అడవికి రారు. ఆ రెండు పగళ్ళూ మనవే."

కోటన్న నింపాదిగా నెమరు వేసి, "నేర్పడానికేం, నేర్పుతాను. వచ్చేవాళ్ళున్నారా?" అన్నాడు.

"అదే నా భయం."

ఆ భయం ఉత్తది కాదు. కుందేలు తల్లులు మొహం మీదే చెప్పేశారు. "ఆ జింకల గిట్టల కింద పడితే మా పిల్లలు మిగులుతారా?" జింక తల్లులు ఇంకోలా అన్నారు. "పగలంటే సరే. సాయంత్రం ఇంటికి ఎవరు తెస్తారు? ఈడొచ్చిన పిల్లలు, దారి తప్పితే?"

ఈరమ్మకి తిండి సయించలేదు. ఇంతలో గుంటనక్క నాగభూషణం తనంత తానే బొరియ దగ్గరికి వచ్చాడు.

"ఏం చెల్లెమ్మా, బెంగ పెట్టుకున్నావట? నేనున్నానుగా! పిల్లల్ని తీసుకొచ్చేదీ, ఇళ్ళ దగ్గర దిగబెట్టేదీ నేను చూసుకుంటాను. ముసలాడినైపోతున్నాను, నాలుగు మంచి పనులు చెయ్యనీ."

"నువ్వు... కుందేళ్ళని..."

"ఎప్పటి మాట? పళ్ళు కదులుతున్నాయి. రేగుపళ్ళు తిని బతుకుతున్నాను. ఒక్క మాట మాత్రం, తల్లులు రాకూడదు. వాళ్ళుంటే పిల్లలు సిగ్గుపడి అడుగు వెయ్యరు."

ఆ మాట ఈరమ్మకి నిజమే అనిపించింది. అంతకన్నా, ఎవరో ఒకరు బరువు పంచుకుంటామన్నారు కదా అని ప్రాణం కుదుటపడింది. ఇంకేమీ అడగలేదు. గిట్టల సంగతి కోటన్న, దారి సంగతి నక్క చూసుకుంటారని తన మాట మీద తల్లుల్ని ఒప్పించింది.

శనివారం పొద్దున ఎనిమిది జింకలు, ఎనిమిది కుందేళ్ళు వచ్చాయి. వచ్చాయన్న మాటే గాని, మోడుకి ఇటు ఎనిమిది, అటు ఎనిమిది బిగుసుకుపోయి నిలబడ్డాయి. పొట్టెమ్మ అయితే జింకల వైపు చూడనైనా చూడలేదు.

"కుందేళ్ళు జింకల పొట్టల కింద నుంచి దూరాలి," అన్నాడు కోటన్న.

"నేను దూరను," అంది పొట్టెమ్మ.

సింగడు అనే కుర్ర జింక మెల్లగా అన్నాడు. "నువ్వు వచ్చేటప్పుడు నేను కాలితో ఒకసారి తడతాను. అప్పుడు కాలు ఎక్కడ పెడుతున్నానో నీకు తెలుస్తుంది."

పొట్టెమ్మ అతని కాలి వంక చూస్తూ అడిగింది. "ఒకసారి తడితే ఏమిటి? రెండుసార్లు తడితే ఏమిటి?"

ఒకసారి అంటే ఇక్కడ కాలు పెడుతున్నానని, రెండుసార్లు అంటే వెంటనే తప్పించుకొమ్మని అతను చెప్పాడు. మిగతా కుందేళ్ళు చెవులు నిక్కించి దగ్గరికి జరిగాయి. మధ్యాహ్నానికి అందరూ తీగలు నోట కరుచుకున్నారు. ఈరమ్మ ముళ్ళ గలగలే తాళం, కోటన్న గొంతే పాట. సాయంత్రానికి నాలుగైదుసార్లు తీగలు చిక్కుపడినా, ఎవరూ ఎవరినీ తొక్కలేదు. నాగభూషణం అందరినీ మామూలు దారినే తీసుకెళ్ళి తల్లులకి అప్పజెప్పాడు. తల్లులు చాలా మెచ్చుకున్నారు.

ఆదివారం పొద్దున నక్క పిల్లల్ని దించి, కునుకు తీసి వస్తానని వెళ్ళాడు. పొట్టెమ్మ మాటల్లో అంది.

"అత్తా, ఇవాళ సాయంత్రం మమ్మల్ని నక్క మామ అడ్డదారిన ఇంటికి తీసుకెళ్తాడట. రాతిగొంది లోంచి. దారి ఇరుకు, ఒక్కొక్కరే రావాలి, నోరు మెదపకూడదన్నాడు. జింకల్ని ముందే పంపించేస్తాడట."

ఈరమ్మ ముళ్ళన్నీ ఒక్కసారి లేచాయి. "రాతిగొందా? రెండేళ్ళు అందులో కాపురం ఉన్నాను. దానికి అవతల దారే లేదే!"

ఒక చిన్న కుందేలు ఏడుపు మొదలుపెట్టింది.

ఈరమ్మ కోటన్నని పక్కకి పిలిచింది. "తల్లులకి చెబితే పిల్లల్ని లాక్కుపోతారు. ఇక ఈ గట్టు మొహం ఆ గట్టు చూడదు. చెప్పకపోతే... నా మాట మీదే కదా పంపారు? ఏం చెయ్యనన్నా?"

"నాకు ఆట తప్ప ఇంకేమీ రాదు, ఈరమ్మా."

ఆమె మోడు వంక చూసింది. నిన్న అల్లిన జడ ఇంకా సగం దాకా దానికి చుట్టుకునే ఉంది. తర్వాత పిల్లలందరినీ దగ్గరికి పిలిచి, ఏదీ దాచకుండా జరిగింది చెప్పింది, తను చెయ్యబోయేదీ చెప్పింది.

"తప్పు నాది. వాణ్ణి నమ్మింది నేను. భయమేస్తే ఇప్పుడే వెళ్ళిపోండి, కోటన్న తోడు వస్తాడు. కానీ జడ అల్లాలంటే పదహారు మందీ కావాలి. ఒక్కరు తప్పినా తీగ వదులైపోతుంది."

ముందు పొట్టెమ్మ వెళ్ళి తన తీగ కరుచుకుంది. ఆమె పక్కన సింగడు నిలబడ్డాడు. ఒక్కొక్కరే వెనకే వచ్చారు.

మధ్యాహ్నం నాగభూషణం ఒళ్ళు విరుచుకుంటూ వచ్చాడు. ఈరమ్మ ఎదురెళ్ళింది.

"అన్నయ్యా, పిల్లలు నీకు సన్మానం చెయ్యాలంటున్నారు. నీ మీద పాట కూడా కట్టారు. మోడు దగ్గర రాయి మీద నిలబడితే చాలు."

"నాకెందుకమ్మా అవన్నీ," అంటూనే అతను రాయెక్కాడు. అంతలో ఆగాడు. "నీ ముళ్ళేమిటి చెల్లెమ్మా, అలా లేచి ఉన్నాయి?"

ఈరమ్మ వాటిని అణచుకోబోయింది. "నాకు... నాకు ఎప్పుడు లేవవు గనక అన్నయ్యా!"

నక్క పకపకా నవ్వాడు. మోడుకి వీపు ఆనించి, తల ఎత్తి నిలబడ్డాడు.

కోటన్న పాట అందుకున్నాడు. రెండు గట్లకీ కాపరి నాగభూషణం, పిల్లల పాలిటి పెన్నిధి నాగభూషణం అని పాడుతుంటే నక్క కళ్ళు అరమోడ్పులయ్యాయి. జింకలు కుడికి, కుందేళ్ళు ఎడమకి కదిలాయి. పైనుంచి అల్లిక ఒక్కో వరసా దిగుతోంది. మొదటి తీగ భుజం మీద పడితే అతను దండ అనుకుని ఛాతీ విరిచాడు. రెండోది పడితే ఇంకా విరిచాడు.

ఈరమ్మ ముళ్ళు ఆడిస్తూనే ఉంది గాని, తాళం తప్పుతానేమోనని పంటి బిగువున లెక్క పెట్టుకుంటోంది. సరిగ్గా అప్పుడే సింగడు కాలు రాతి మీద జారింది. పడితే పొట్టెమ్మ మీదే పడతాడు. నోట తీగ ఉంది, అరవడానికి లేదు. జారుతూనే అతను నేలని రెండుసార్లు తట్టాడు. పొట్టెమ్మ తీగ వదలకుండా చటుక్కున పక్కకి దూకింది. అతను మోకాలి మీద లేచాడు, ఆమె మళ్ళీ వరసలో కలిసింది. అల్లిక ఆగలేదు.

ఆ కుదుపుకి నక్క కళ్ళు తెరిచాడు. "చాలు చాలు, ఊపిరాడటం లేదు..."

కోటన్న గొంతు పెంచాడు. పిల్లలు వేగం పెంచారు. నక్క ముందుకాళ్ళు కదపబోతే కదల్లేదు. మెడ తిప్పబోతే తిరగలేదు. ముప్పై రెండు చుట్లయ్యేసరికి చెవుల నుంచి తోక దాకా మోడుకి అతుక్కుపోయి, మూతి ఒక్కటే బయట మిగిలింది.

"ఏమిటీ పరాచికాలు, చెల్లెమ్మా!"

ఈరమ్మ పొట్టెమ్మనీ సింగడినీ కలిపి రెండు గట్లకీ పంపించి తల్లుల్ని రప్పించింది. వాళ్ళు పరుగున వచ్చి, నక్కని చూసి గుడ్లు తేలేశారు.

"అమాయకుణ్ణి కట్టేశారమ్మా! మీ పిల్లల్ని నిన్న క్షేమంగా దించలేదా?" అని నక్క ఏడుపు లంకించుకున్నాడు.

ఈరమ్మ తలవంచుకుని జరిగింది జరిగినట్టు చెప్పింది. పొట్టెమ్మ తల్లి ఆమె వంక ఒక్క చూపు చూసి, నక్క దగ్గరికి నడిచింది.

"మా పిల్లల్ని రాతిగొంది లోంచి ఇంటికి తెస్తానన్నావట. సరే. అందులోంచి మా ఇంటికి దారి ఎటు పోతుందో చెప్పు. ఇప్పుడే విప్పించేస్తాను."

నక్క నోరు తెరిచాడు. ఎడమ పక్క అనబోయి ఆగాడు. కుడి పక్క అనబోయి ఆగాడు. తల్లులందరూ చూస్తూనే ఉన్నారు.

"అది... కొంచెం... చీకటిగా ఉంటుంది గనక..." అని నీళ్ళు నమిలాడు.

అంతే. పొట్టెమ్మ తల్లి వెనక్కి వచ్చి ఈరమ్మ ముందు నిలబడింది. "నువ్వు చేసింది చిన్న తప్పేం కాదు. కానీ దాచలేదు. ఇకమీదట ఆట పెడితే మేమూ వచ్చి కూర్చుంటాం. పిల్లలు సిగ్గుపడితే పడనీ."

తల్లుల వెంట వచ్చిన జింక తండ్రులు కొమ్ములు వంచి రెండు వరసలుగా నిలబడ్డారు. పిల్లలు తీగలు కరుచుకుని జడని వెనక్కి విప్పారు. ఆఖరి తీగ జారగానే నాగభూషణం ఆ కొమ్ముల మధ్య నుంచి, తోక బొచ్చు సగం తీగలకే వదిలేసి, కొండ దాటేదాకా వెనక్కి చూడకుండా పరుగెత్తాడు.

అడక్కుండా సాయానికి వచ్చినవాణ్ణి, పిల్లల్ని అప్పగించే ముందే అడగవలసినవన్నీ అడగాలి.