గంజి తాగిన గొడ్డలి

"వానలు పడేలోపు మీ వాగు మీద వంతెన కట్టించకపోతే నా పేరు మార్చుకుంటా!" అన్నారు ప్రెసిడెంటుగారు, ఓట్లప్పుడు. వానలు పడ్డాయి. వంతెన రాలేదు. పేరూ మారలేదు.

ఆ ఊళ్ళో వాగు ఇవతల ఉన్నది ఒకటే కొంప, బొంతువారిది. భూషయ్య, తవిటయ్య, కొండలు అన్నదమ్ములు. "ప్రెసిడెంటుకి లేని బుర్రలు మనింట్లో మూడున్నాయి" అని వాళ్ళ గర్వం. తవిటయ్య పెళ్ళాం పైడమ్మకు నెలలు నిండాయి. ఆసుపత్రేమో అవతలి గట్టున.

"ఎవరి కోసమూ ఎదురుచూడొద్దు! ప్రజలే చరిత్ర నిర్మాతలు!" అని పిడికిలెత్తాడు కొండలు. పట్నం సభల్లో నినాదాలు నేర్చుకొచ్చినవాడు మరి. ఇంకేముంది, గట్టున కూలిన తాటిచెట్టునే వంతెన చేద్దామని ఇవతలి వైపే ఉన్న పొరుగూరి కమ్మరి దగ్గరికి పరిగెత్తారు.

"గుండ్రటి దుంగ మీద కాలు జారుతుంది. పైన చదునుగా చెక్కండి. బరువైన గొడ్డలి తీసుకోండి. పని చేసేది దాని బరువే, మీ బలం కాదు," అన్నాడు కమ్మరి.

అంతే. అక్కడున్నవాటిలో అన్నిటికన్నా బరువైనది మోసుకొచ్చారు. అదీ చాలదని దానికి రుబ్బురోలు పొత్రం కట్టారు. దుంగ మీద పెట్టి, చేతులు కట్టుకుని కూర్చున్నారు.

పొద్దు నడినెత్తికొచ్చింది. గొడ్డలి కదల్లేదు.

"మనం చూస్తున్నామని సిగ్గేమోరా," అన్నాడు భూషయ్య. ముగ్గురూ వీపులు తిప్పారు.

"మొదలెట్టిందా అన్నయ్యా?" అన్నాడు తవిటయ్య.

"వెనక్కి చూడకురా, పని చెడుతుంది!"

పైడమ్మ కడుపు పట్టుకుని వచ్చింది. సంగతి విని, "తిండి పెట్టకుండా పని చేయమంటే ఎవరు చేస్తారు?" అంది. ఆ ఇంటి కోడలే కదా! కుండెడు గంజి తెచ్చి, గొడ్డలిని తలకిందులుగా ముంచింది. నానేసరికి కర్ర ఉబ్బి, అప్పటిదాకా వదులుగా ఊగుతున్న పిడి బిగుసుకుంది.

"బలం పట్టింది!" అని మళ్ళీ దుంగ మీద పెట్టారు. ఊహూఁ!

కొండలుకి ఒళ్ళు మండిపోయింది. "శ్రమ చేయనివాడికి తినే హక్కు లేదు! గొడ్డలి డౌన్ డౌన్!" అని దాని ముందు బైఠాయించాడు. అన్నలూ బైఠాయించారు.

ఇంతలో పైడమ్మకు నొప్పులు మొదలయ్యాయి. "ధర్నా తర్వాత! ముందు దుంగని తొయ్యండర్రా!"

"చెక్కకుండానా వదినా?"

"నిన్ను చెక్కేస్తా!"

భయపడి ముగ్గురూ తోశారు. గొడ్డలి బురదలో పడింది, దుంగ కొస అవతలి గట్టెక్కింది. పైడమ్మ దాని మీద కూర్చుని, మొగుణ్ణి తిడుతూ, వాడి చొక్కా పట్టుకుని జరుగుతూ వాగు దాటేసింది.

సాయంత్రం అవతలి నుంచి తవిటయ్య కేక: "ఆడపిల్లరోయ్! ఇద్దరూ క్షేమం!"

ఇవతలి గట్టు మీద అన్నదమ్ములిద్దరూ గంతులేశారు. అంతలో భూషయ్య ఆగిపోయాడు. "ఒరే కొండలూ, దుంగ ఇంకా గుండ్రంగానే ఉంది. పసిపిల్ల నడిచొస్తే కాలు జారదూ?"

ఇంకేముంది, తాడేసి దుంగని ఇవతలికి లాగేశారు. గొడ్డలిని కడిగి దాని మీద కూర్చోబెట్టారు.

"ఒరే, మేమెలా రావాలిరా?" అని అరిచాడు తవిటయ్య.

"అది చెక్కగానే రండి అన్నయ్యా!" అని, కొండలు బొగ్గుముక్కతో దుంగ మీద పెద్ద అక్షరాలతో రాశాడు:

"గంజి తాగి పని ఎగ్గొట్టిన గొడ్డలిగారు ఆగస్టు పదిహేనులోపు ప్రజలకు జవాబు చెప్పాలి!"