గొర్రెలకు మొహం చెల్లని మధ్యాహ్నం

ఒకప్పుడు గొర్రెలు తలలెత్తుకుని తిరిగేవి. నవ్వకండి, నిజమే. మిట్టమధ్యాహ్నమైతే ఒక్కో గొర్రె ఒక్కో చెట్టు చూసుకుని, పక్కదానికి జానెడు నీడ కూడా ఇవ్వకుండా దర్జాగా పడుకునేది.

ఆ మందను బీరమ్మ మేపేది. ఆమె కుక్క పేరు కర్రి. పొద్దున్నే కర్రి ముందు నడిచేది, మంద దాని వెనక నడిచేది. గడ్డి ఎక్కడుందో, వాగు ఎక్కడ లోతో, తోడేలు ఏ పొదలో ఉందో వాసన చూసి కర్రి దారి మార్చేది. గొర్రెలు మేసేవి, నీళ్లు తాగేవి, సాయంత్రానికి దొడ్డికి చేరేవి. ఇంత సుఖం ఎవరికైనా ఎన్నాళ్లు పడుతుంది?

ముందు పడనిది బొల్లికి. దాని నుదుటి మీద తెల్లమచ్చ ఉంది. ఆ మచ్చ తనకు ఊరికే రాలేదని, ఏదో గొప్ప పని కోసమే వచ్చిందని దాని నమ్మకం. పైగా కొత్తగా పిల్లను కన్నది. లోకంలో పిల్లను కన్న మొదటి గొర్రె తనే అన్నట్టు నడిచేది.

"ఏమర్రా, పొద్దస్తమానం ఆ కర్రిగాడి తోక చూస్తూ నడవడానికి మనకు నామోషీగా లేదా?" అని అడిగింది.

గొర్రెలు ఆలోచించాయి. అప్పటిదాకా లేదు. బొల్లి అడిగాక వచ్చింది.

"చాలా నామోషీగా ఉంది బొల్లక్కా" అన్నాయి.

అన్నీ కలిసి కర్రి దగ్గరికి వెళ్లాయి. "రేపటినుంచి నువ్వు వెనక నడు" అంది బొల్లి.

"సరే అక్కా. మరి ముందు ఎవరు నడుస్తారు?"

"అది మా ఇంటి సంగతి. నీకెందుకు?"

కర్రి బీరమ్మ వైపు చూసింది. బీరమ్మ గొంగడి భుజాన వేసుకుంటూ, "నడవనీరా, వాళ్లకే తెలిసొస్తుంది. పిల్లల మీద మాత్రం ఓ కన్నేసి ఉంచు" అంది.

మర్నాడు బీరమ్మ దొడ్డి దగ్గరే ఉండిపోయింది, బొల్లి ముందు నడిచింది. ముందు నడవడమంటే మచ్చ అందరికీ కనిపించేలా నడవడమే అనుకుంది. దారి కూడా తెలియాలని దానికి ఎవరూ చెప్పలేదు. గుట్ట మలుపు తిరిగేసరికి ఎదురుగా ఒక తోక కనిపించింది. 'హమ్మయ్య, దారి తెలిసినవాళ్లు ఎవరో ఉన్నారు' అనుకుని దాని వెంట పడింది. అది తన మందలోని చివరి గొర్రె తోకే.

గుట్ట చుట్టూ మంద తిరుగుతూనే ఉంది.

"ఈ రాయిని ఇందాక చూసినట్టుందే" అంది ఒక గొర్రె.

"ఇది వేరే రాయి. మనం చాలా దూరం వచ్చేశాం" అంది ఇంకోటి.

"అక్కా, మీరు ఉన్నచోటే తిరుగుతున్నారు" అంది కర్రి.

"వెనక నడిచేవాళ్లకు ముందు సంగతులు ఏం తెలుస్తాయి?" అంది బొల్లి.

పొదలోంచి ఇదంతా చూస్తున్న తోడేలుకు కళ్లు తిరిగాయి. అయినా ఆకలి ఆకలే కదా. చేతులు కట్టుకున్నంత వినయంగా వచ్చి నిలబడింది.

"చెల్లెమ్మా, కుక్క అవసరం లేకుండా ఎంత చక్కగా నడుస్తున్నారు. ఆ మచ్చ చూడగానే అనుకున్నాను, పెద్ద తల అని."

బొల్లి పొంగిపోయింది. పరాయివాడైనా మర్యాద తెలిసినవాడు.

"పాపం, పిల్ల అలసిపోయినట్టుంది. వాగు దాకా నేను మోసుకొస్తాను, మీరు నడవండి" అంది తోడేలు.

"అమ్మా, ఈ మామ నోట్లో నీళ్లు కారుతున్నాయి" అంది పిల్ల.

"దాహం వేసి ఉంటుంది. పెద్దవాళ్లను అలా అనకూడదు" అంది బొల్లి.

తోడేలు పిల్లను నోట కరుచుకుని పొదల వైపు నడిచింది.

"అన్నా, వాగు అటు కాదు" అంది బొల్లి. తోడేలు పలకలేదు. నోట్లో పిల్ల ఉంది కదా, మర్యాదస్తులు నోటినిండా పెట్టుకుని మాట్లాడరు.

అప్పుడు తెలిసింది బొల్లికి. మందవైపు చూసింది. ప్రతి గొర్రె తన ముందున్న గొర్రె వైపు చూస్తోంది.

"కర్రీ" అని అరిచింది.

పిలవకముందే కర్రి బయల్దేరింది. పక్కనుంచి చుట్టివచ్చి తోడేలు చెవి పట్టేసింది. తోడేలు కేకపెట్టడానికి నోరు తెరిచింది, పిల్ల కింద పడింది. తోడేలు పారిపోతూ కర్రి చెవి ఒకటి చీల్చేసింది. ఆ చీలిన చెవితోనే కర్రి మంద వెనక అటూ ఇటూ పరుగెడుతూ, పక్కకు పోయినవాటిని లోపలికి నెడుతూ అన్నిటినీ దొడ్డికి చేర్చింది.

బీరమ్మ కర్రి చెవికి పసుపు పెడుతూ, "ఏమే బొల్లీ, వీడికి ఓ మంచిమాట చెప్పవా?" అంది.

"చెబుతాం. ఊరికే అలా చెప్పేస్తామా? అందరం మాట్లాడుకోవాలి. రేపు మధ్యాహ్నం చెబుతాం" అంది బొల్లి.

మర్నాడు మధ్యాహ్నం కర్రి వచ్చి ఎదురుగా కూర్చుంది.

"నువ్వే చెప్పు బొల్లక్కా" అన్నాయి గొర్రెలు.

"నేనొక్కదాన్నే చెబితే తప్పంతా నాదే అనుకోడూ?"

"నీదే కదా. మేం నీ వెనకే నడిచాం."

"నేనూ మీ వెనకే నడిచాను" అంది బొల్లి. అది అబద్ధం కూడా కాదు.

అంతలో దాని కళ్లు చీలిన చెవి మీద పడ్డాయి. మొహం చెల్లక పక్క గొర్రె పొట్టకింద తల దూర్చేసింది. ఆ గొర్రె ఇంకోదాని కింద దూర్చింది. చూస్తుండగానే మందలో ఒక్క తల కనిపిస్తే ఒట్టు.

"మాట్లాడుకుంటున్నాం, కాస్త ఆగు" అని లోపల్నుంచి బొల్లి గొంతు వినిపించింది.

"తొందరేం లేదక్కా" అంది కర్రి. పిల్ల మాత్రం వచ్చి కర్రిని ఆనుకుని పడుకుంది. దానికింకా మీటింగుల సంగతి తెలియదు.

అప్పటినుంచే, ఎండ నడినెత్తికి రాగానే గొర్రెలు ఒకచోట చేరి, ఒకదాని పొట్టకింద ఒకటి తల దూర్చి నిలబడతాయి. ఎండకు ఓర్వలేక అంటారు పెద్దవాళ్లు. పక్కన చెట్టునీడ ఖాళీగానే ఉంటుంది, మీరే చూడండి. కుక్క మాత్రం కాస్త ఎడంగా పడుకుని, ఆ మాట కోసం కాదుగానీ, అలవాటుకొద్దీ వాటి తోకలు చూస్తూ ఉంటుంది.